నీటి క్రిములు విడిచే విషం – నీటితోనే విరుగుడు

వానలు పడి, చెరువులలోకి, నదులలోకి కొత్తనీరు చేరగానే ప్రతి ఊరిలోనూ వాంతులు, నీళ్ళ విరేచనాలు, జిగట విరేచనాలు, టైఫాయిడ్ జ్వరాలు తలెత్తుతాయి. ఆ రోజులలో తల్లులు, ఇంటి పెద్దలు నన్ను అడిగే ప్రశ్నలు రెండు. "విరేచనాలు కట్టడానికి ఇంట్లో చేసుకొనే మందు ఏమైనా ఉన్నదా?" అనేది మొదటిది. "నీళ్ళు పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి కదా, పట్టవచ్చునా?" అనేది రెండవది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండవ ప్రశ్నే. విరేచనాలు ఆగాలంటే నీళ్ళు ఆపాలన్న నమ్మకం మన ఇళ్ళలో తరతరాలుగా పాతుకొని ఉన్నది. ఆ నమ్మకం వలన, ఇంట్లో బిందెల నిండా నీళ్ళుండగానే, ఒళ్ళు ఎండిపోయి ప్రాణం మీదికి తెచ్చుకొనే పసివారు ఉన్నారు. ఇది ఎందుకు తప్పో తెలియాలంటే, నీటితోపాటు మన కడుపులో చేరిన సూక్ష్మక్రిమి అక్కడ నిజంగా చేసే పనేమిటో తెలుసుకోవాలి.

క్రిమి చేతిలోని పనిముట్లు

బ్యాక్టీరియా అనే సూక్ష్మక్రిమి పొడవు సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యోవంతుకు కొన్ని రెట్లకు మించదు. మన పేగులోని ఒక్కొక్క జీవకణం దానికంటె ఎంతో పెద్దది. అంత చిన్న ప్రాణి అంత పెద్ద కణాన్ని లొంగదీసుకొనడానికి కారణం అది తయారుచేసి బయటకు విడిచే మాంసకృత్తులు.

మాంసకృత్తులు అనగానే మనకు పప్పు, పాలు, గుడ్లు గుర్తుకు వస్తాయి. కాని ఏ ప్రాణిలోనైనా పని జరిపించే పనిముట్లు చాలావరకు మాంసకృత్తులే. క్రిమి విడిచే మాంసకృత్తులలో కొన్ని జిగురువలె పేగును అంటిపెట్టుకొంటాయి. కొన్ని కత్తెరవలె పేగు మీది జిగటపొరను కోస్తాయి. కొన్ని తాళపుచెవివలె కణంలోకి ప్రవేశించి లోపలి యంత్రాంగాన్ని తారుమారు చేస్తాయి. వీటిని బయటకు పంపడానికి క్రిమి ఒంటి మీద ప్రత్యేకమైన ద్వారాలు, కొన్ని జాతులలో ఇంజక్షను సూదివంటి నిర్మాణాలు కూడ ఉన్నాయి. క్రిమి ఒక రకం పనిముట్టు వాడితే నీళ్ళ విరేచనం, మరొక రకం వాడితే నెత్తురు విరేచనం, ఇంకొక రకం వాడితే విడవని జ్వరం. వీటిలో అతివేగంగా ప్రాణం తీసేది మన పెద్దలు వాంతిభేది, మరిడి అని పిలిచిన కలరా. ఆయుర్వేదంలో విసూచిక అనే పేరుతో వర్ణించిన వ్యాధిని కలరాతో పోల్చి చెప్పడం వాడుకలో ఉన్నది.

కలకత్తాలో తేలిన నిజం

కలరా క్రిమిని 1854లో ఇటలీ దేశస్థుడు ఫిలిప్పో పాచీనీ సూక్ష్మదర్శినిలో చూశాడు. 1884లో జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ కలకత్తాలో పరిశోధించి, వ్యాధికి కారణం ఆ క్రిమియేనని ప్రకటించాడు. అది ఏదో విషాన్ని విడుస్తూ ఉండవచ్చునని కూడ ఆయన ఊహించాడు. కాని తరువాత డెబ్బై ఐదేళ్ళపాటు ఆ ఊహ రుజువు కాలేదు.

దానిని రుజువు చేసినవారు కలకత్తా వైద్యుడు డాక్టర్ శంభునాథ్ దే. 1915లో బెంగాలులోని హుగ్లీ జిల్లాలో జన్మించిన ఆయన ఎంతో సూటిగా ఆలోచించారు. వ్యాధి పేగులో పుడుతున్నది కనుక పేగులోనే వెదకాలి అనుకొన్నారు. కుందేలు చిన్నపేగులో కొంతభాగాన్ని రెండువైపులా దారంతో కట్టి, ఆ తిత్తిలోకి కలరా క్రిములను ఎక్కించారు. మరునాటికి ఆ తిత్తి నీటితో ఉబ్బిపోయింది. ఈ పద్ధతిని ఆయన 1953లో ప్రకటించారు. తరువాత క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడ మిగలకుండా తీసివేసి, ఆ వడపోత నీటిని మాత్రమే పేగులోకి ఎక్కించారు. అప్పుడు కూడ పేగు నీటితో నిండింది! క్రిమి లేకపోయినా దాని స్రావం ఒక్కటే నీళ్ళ విరేచనానికి చాలునని దీనితో తేలిపోయింది. 1959లో ఈ ఫలితం 'నేచర్' పత్రికలో వెలువడింది. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సదస్సుకు ఆయనను ఆహ్వానించారు. నోబెల్ బహుమతి గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి ఒకటికంటె ఎక్కువసార్లు ప్రతిపాదించారు. బహుమతి రాకుండానే 1985లో డాక్టర్ దే కన్నుమూశారు.

విషం పనిచేసే తీరు

కలరా క్రిమి మన పేగు కణంలోకి ప్రవేశించదు. పేగు గోడను పట్టుకొని బయటనే ఉండిపోతుంది. లోపలికి వెళ్ళేది అది విడిచే విషం మాత్రమే. ఆ విషం ఆరు ముక్కల మాంసకృత్తు. ఐదు ముక్కలు ఉంగరంవలె ఒకచోట చేరి, పేగు కణం పైపొరలోని ఒక కొవ్వు పదార్థాన్ని గట్టిగా పట్టుకొంటాయి. ఆరవ ముక్క అసలైన విషం. కణం దీనిని తన సొంత సామగ్రి అనుకొని లోపలికి తీసుకొంటుంది.

మన పేగు కణానికి లోపల ఒక మీట ఉన్నదనుకొందాం. దానిని నొక్కితే ఉప్పునీరు పేగులోకి వస్తుంది, వదలితే ఆగుతుంది. జీర్ణక్రియకు కొంత తడి అవసరం కనుక ప్రకృతి ఈ ఏర్పాటు చేసింది. కలరా విషం ఈ మీటను నొక్కి, మళ్ళీ పైకి లేవకుండా బిగించివేస్తుంది. కణంలో చక్రీయ ఏ.ఎం.పి. అనే సంకేత పదార్థం విపరీతంగా పెరుగుతుంది. క్లోరైడు బయటకు పోయే ద్వారాలు తెరచుకొంటాయి. క్లోరైడు వెంట సోడియం, ఆ రెంటి వెంట నీరు పేగులోకి ధారకడతాయి. ఉప్పును తిరిగి పీల్చుకొనే మామూలు మార్గం కూడ మూతబడుతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవారికి గంటకు లీటరు వరకు నీరు పోవచ్చు. బియ్యం కడిగిన నీళ్ళవంటి విరేచనం దీని గుర్తు. చికిత్స అందకపోతే కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. పోయే నీరు రోగి తాగిన నీరు కాదు, అతని రక్తం నుండి, శరీర ధాతువుల నుండి వస్తున్న నీరు. గొంతులో చుక్క పోయకపోయినా ఆ ధార ఆగదు. కనుక నీళ్ళు ఆపితే విరేచనం కట్టదు, రోగి మాత్రం ఎండిపోతాడు.

మూతపడని ద్వారం

కలరా విషం పేగు కణాన్ని చంపదు. మీటను బిగిస్తుంది గాని కణంలోని మిగిలిన ఏర్పాట్లు చాలావరకు అలాగే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది సోడియంను, గ్లూకోజును జంటగా లోపలికి చేర్చే ద్వారం. ఈ రెండూ కలిసి వస్తేనే అది తెరచుకొంటుంది. వాటి వెంట నీరు కూడ లోపలికి వస్తుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. ఉత్త నీరు, ఉత్త ఉప్పునీరు, ఉత్త చక్కెరనీరు సరిగా చేయలేని పనిని ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిసిన నీరు చేస్తుంది. ఓ.ఆర్.ఎస్. రహస్యమంతా ఇదే.

ఈ సిద్ధాంతం తెలియక ముందే కలకత్తాలో డాక్టర్ హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని కలరా రోగులచేత తాగించారు. 1953లో 'లాన్సెట్' పత్రికలో ఆ అనుభవాన్ని ప్రచురించారు. విరేచనాలు తగ్గడానికి ఆయన వాడినది మన పెరళ్ళలో పెరిగే వాము ఆకు రసం. అయితే ఆ రసం ఇవ్వని రోగులతో పోల్చి చూడలేదు గనుక దాని ప్రభావం ఎంతో చెప్పడానికి ఆధారం లేదు. ఉప్పు, గ్లూకోజుల నీటి మేలును మాత్రం తరువాతి పరిశోధనలు నిస్సందేహంగా నిరూపించాయి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వలన లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలులోకి వచ్చినప్పుడు, బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరంలోకి ఎక్కించే సెలైను సరిపోలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే పట్టించారు. అంతకు ముందు నూటికి 30 మంది వరకు మరణిస్తూ ఉండగా, ఆ సంఖ్య 4 కంటె తక్కువకు దిగింది. ఆయన 2022లో మరణించారు. 2023లో భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆ శిబిరంలో రోగులకు మందు పట్టించినవారిలో చాలామంది తల్లులు, భార్యలు, అన్నదమ్ములేనన్న సంగతి మన ఇళ్ళకు గొప్ప ధైర్యం.

మన గంజికి కూడ ఇందులో చోటున్నది. బియ్యపు పిండిపదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది. 1980వ దశకంలో ఢాకాలో బియ్యంతో చేసిన ఓ.ఆర్.ఎస్.ను పరీక్షించినప్పుడు కలరా రోగులలో విరేచనం పరిమాణం తగ్గింది. జబ్బు చేసినవారికి పేయ, మండము, జావ ఇమ్మని మన వైద్య గ్రంథాలు చెప్పిన పద్ధతిని ఈ దృష్టితో చూస్తే దాని విలువ మరింత తెలుస్తుంది. అయితే గంజిలో ఉప్పు వేయడం మరువరాదు.

నెత్తురు పడితే కథ వేరు

నీళ్ళ విరేచనాలన్నీ కలరా కావు, విరేచనాలన్నీ ఒకే తీరువి కావు. 1897లో జపానులో కియోషి షిగా కనుగొన్న షిగెల్లా క్రిమి మరొక మార్గం తొక్కుతుంది. దానికి సూదివంటి నిర్మాణం ఉన్నది. ఆ సూదిని పేగు కణానికి ఆనించి కొన్ని మాంసకృత్తులను నేరుగా లోపలికి గుచ్చుతుంది. వాటి ప్రభావం వలన కణం గోడ అలవలె లేచి, క్రిమిని తానే మింగివేస్తుంది. లోపలికి చేరిన క్రిమి అక్కడే పెరిగి, కణంలోని నారలనే తోకగా చేసుకొని పక్క కణంలోకి దూసుకొనిపోతుంది. పేగు గోడ పుండుపడి, నెత్తురు, జిగట పడతాయి. కడుపు మెలిపెడుతుంది. ఇందుకు 10 నుండి 100 క్రిములు చేరినా చాలు. ఒక్క మురికి చేతి వేలితో అంతకంటె ఎక్కువే చేరవచ్చు.

టైఫాయిడ్ క్రిమి కూడ ఇటువంటి సూదులే వాడుతుంది. పేగు దాటిన తరువాత, క్రిములను చంపవలసిన రక్షకకణాలలోనే అది కాపురం పెడుతుంది. తాను విడిచే మాంసకృత్తులతో ఆ కణంలో తన చుట్టూ గూడు సురక్షితంగా ఉండేటట్లు చూసుకొంటుంది. అందుకే ఆ జ్వరం రోజుల తరబడి విడువదు.

ఈ తేడా తెలిస్తే ఇంటివైద్యం ఎక్కడ ఆగవలసినదో కూడ తెలుస్తుంది. నెత్తురు పడే విరేచనంలో క్రిమి కణంలోపలే ఉన్నది. దానికి డాక్టరు నిర్ణయించిన మందు కావాలి. అటువంటప్పుడు పేగు కదలికను బలవంతంగా ఆపే మాత్రలు దుకాణంలో కొని వేసుకొంటే క్రిములు లోపలే నిలిచి కీడు ఎక్కువవుతుంది.

మారేడుకాయ చెప్పే పాఠం

అతిసారానికి పచ్చి మారేడుకాయ గుజ్జును ఆయుర్వేదం ఎంతో కాలంగా వాడుతున్నది. 2009లో ముంబైలోని ఫౌండేషన్ ఫర్ మెడికల్ రీసెర్చ్ వారు పచ్చి మారేడుకాయ కషాయం మీద జరిపిన పరిశోధన ఫలితాలు నాకు ఎంతో ఆసక్తి కలిగించాయి. వారు పరీక్షించిన ఆరు రకాల బ్యాక్టీరియాలలో ఒక్కదానిని కూడ ఆ కషాయం చంపలేదు. అయితే క్రిములు కణాలను అంటుకోవడం, లోపలికి చొరబడడం తగ్గాయి. కలరా విషం తయారుకావడం, అది పట్టుకొమ్మను పట్టుకోవడం కూడ తగ్గాయి. అంటే క్రిమి బ్రతికే ఉన్నా, దాని చేతిలోని పనిముట్లు మొద్దుబారినవన్నమాట.

క్రిమిని చంపనిది మందే కాదని కొట్టిపారేసేవారికి ఇది సమాధానం. అయితే ఇది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద తేలిన విషయమని, ఎండిపోతున్న రోగి ఒంట్లోకి నీటిని చేర్చే శక్తి మారేడుకు లేదని గుర్తుంచుకోవాలి. మారేడైనా, శొంఠి అయినా, దానిమ్మ తొక్క అయినా ఓ.ఆర్.ఎస్.కు తోడు కావచ్చును గాని దానికి బదులు కానేరదు.

నీటి వద్దనే కట్టడి

కలరా క్రిమి నీటిలో ఒంటరిగా తిరగదు. చెరువులలో, నదీముఖాలలో ఉండే అతిచిన్న రొయ్యజాతి ప్రాణుల పెంకులను అంటిపెట్టుకొని జీవిస్తుంది. ఆ పెంకును పట్టుకొనడానికి అది విడిచే ఒక మాంసకృత్తే మన పేగును అంటుకొనడానికి కూడ ఉపయోగపడుతుందని 2005లో తేలింది. నీటిలో బ్రతకడానికి నేర్చిన విద్యతోనే అది మన కడుపులో కాపురం పెడుతున్నది.

ఈ అలవాటే మనకు ఒక ఉపాయం ఇచ్చింది. క్రిమి బట్టలోంచి జారిపోగలదు గాని, అది ఎక్కిన ప్రాణి జారిపోలేదు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతపు పల్లెలలో పాత నూలుచీరను నాలుగుకు తగ్గకుండా మడతలు పెట్టి నీళ్ళు వడగట్టించినప్పుడు కలరా సుమారు సగానికి తగ్గినట్లు 2003లో రీటా కాల్వెల్ బృందం ప్రకటించింది. కొత్తచీరకంటె ఉతికి ఉతికి నలిగిన చీర మేలు. దారాలు విచ్చుకొని సందులు చిన్నవవుతాయి. మన అమ్మమ్మలు బిందె మూతికి కట్టిన వడపోత గుడ్డకు ఇంత అర్థమున్నది. అయినా సగం తగ్గడమంటే సగం మిగలడమే కనుక వడగట్టిన తరువాత కాచడం తప్పనిసరి.

బురదనీటిని తేర్చడానికి చిల్లగింజను అరగదీసి కలపడం మన పాత పద్ధతి. నీరు తేటపడుతుంది, మట్టితోపాటు కొన్ని క్రిములు కూడ అడుగుకు చేరతాయి. కాని తేటనీరంతా మంచినీరు కాదు. తేరిన నీటిని తెర్ల కాచాలి. బుడగలు పొంగి మరిగిన తరువాత కనీసం ఒక నిమిషం ఉంచి దించాలి. మరుగుతున్న నీటిలో ఈ క్రిములు చచ్చిపోతాయి.

రాగిచెంబులో రాత్రి నీళ్ళు పోసి ఉదయం తాగే ఆచారం గురించి చాలామంది అడుగుతారు. 2012లో బెంగళూరు పరిశోధకులు కలరా, షిగెల్లా, టైఫాయిడ్ మొదలైన క్రిములను కలిపిన నీటిని రాగిపాత్రలలో 16 గంటలు ఉంచగా ఆ క్రిములు మళ్ళీ పెరగలేదు. నీటిలో దిగిన రాగి కూడ ప్రమాదకరమైన పరిమాణంలో లేదు. కనుక ఆచారం మంచిదే. అయితే 16 గంటలన్న లెక్క మరువరాదు. మురుగు కలిసిందన్న అనుమానమున్న నీటికి రాగిచెంబును నమ్ముకోక కాచడమే మేలు. మజ్జిగ, నిమ్మరసంవంటి పుల్లని పదార్థాలను మాత్రం రాగిపాత్రలో ఎన్నడూ పోయరాదు.

ఇంట్లో పాటించవలసినవి

విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దానిపై చెప్పినంత నీటిలో మొత్తం ఒకేసారి కలపండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్టు దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే ప్రయోజనముండదు.

రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడి పదేళ్ళలోపు వారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు పట్టాలి. పెద్దవారు తాగగలిగినంత తాగవచ్చు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టండి.

తల్లిపాలు ఒక్కపూట కూడ ఆపవద్దు. పెద్ద పిల్లలకు ఉప్పు వేసిన గంజి, పెరుగన్నం, పలుచని మజ్జిగ, పప్పుకట్టు, అరటిపండు ఇవ్వండి. లంఖణం పసివారికి పనికిరాదు. సీసాలలో అమ్మే తీపి పానీయాలు మేలుకు బదులు విరేచనాన్ని పెంచుతాయి.

ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటె చిన్నవారికి 10 మిల్లీగ్రాముల చొప్పున జింకు మందును 10 నుండి 14 రోజులు ఇవ్వమని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సూచించాయి. డాక్టరును అడిగి ఇవ్వండి.

కళ్ళు గుంటలు పడడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, చర్మాన్ని పట్టి వదిలితే మడత వెంటనే సర్దుకోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మగతగా పడి ఉండడం, నీళ్ళు మింగలేకపోవడం, విరేచనంలో నెత్తురు, తీవ్రమైన జ్వరం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకొనిపోండి. దారి పొడుగునా ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండండి.

దొడ్డికి వెళ్ళివచ్చిన తరువాత, పిల్లలకు కడిగిన తరువాత, వంటకు ముందు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. తాగేనీటి బిందెలో చేయి ముంచక, పిడి ఉన్న గరిటెతో తీసుకోండి.

పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. విషం బిగించిన కణాలు రాలిపోయి, కొత్తకణాలు వాటి స్థానంలోకి వస్తాయి. అంతవరకు పోయిన నీటిని పోయినట్లే తిరిగి అందించగలిగితే, మిగిలిన పని శరీరమే చేసుకొంటుంది. ఆ నాలుగు రోజులు రోగిని నిలబెట్టడానికి కావలసిన ఉప్పు, పంచదార, కాచిన నీరు మన వంటింట్లోనే ఉన్నాయి.